తిన్న బువ్వ బలం ఎట్ల అయితది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల చానా మటుకు తిండి గురించే ఉన్నయి, ఎంత తిన్నా నీరసమని ఒకరు, తక్కువ తిన్నా పొట్ట పెరుగుతుందని ఇంకొకరు, పరీక్షలకు చదివే పిల్లల ప్రశ్నలు వేరే. అన్నిటి వెనుక ఉన్న సంగతి ఒక్కటే, తిన్నది ఒంట్ల శక్తిగ మారుడు, అదే మెటబాలిజం. అందుకని ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చిన. పేరు వెయ్యొద్దన్నోళ్లే ఎక్కువ కాబట్టి ఊర్లు మాత్రమే వేసిన.

ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతున్న. గ్లైకాలిసిస్, క్రెబ్స్ సైకిల్, ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ అన్నీ బట్టీ కొట్టిన, మార్కులు కూడా వచ్చినయి. కానీ మధ్యాహ్నం నేను తిన్న అన్నం పప్పుకు, ఆ బొమ్మలకు ఏం సంబంధమో ఇప్పటికీ సమజ్ కాలేదు సార్. అన్నం నిజంగ శక్తి ఎట్ల అయితది?
– విద్యార్థిని, పరకాల

బిడ్డా, బొమ్మలు నేర్చుకొని అక్కడ్నే ఆగిపోయేటోళ్లే ఎక్కువ, నువ్వు ఆగకుండ అడిగినవ్, అందుకే నీకు జర పెద్ద జవాబే రాస్తున్న.

నీ పళ్లెం కాడికెళ్లే మొదలువెడదాం. అన్నంల ఉండేది ముఖ్యంగ స్టార్చ్, అంటే వందలు వేల గ్లూకోజ్‌లు ఒకదానికొకటి అతుక్కొని ఉన్న పెద్ద అణువు. నోట్ల నమిలేటప్పుడే ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని కోసుడు షురూ చేస్తది, ఉత్త అన్నం ముద్దను ఎక్కువసేపు నమిలితే తియ్యగ అనిపించేది అందుకే, ఇయాల ఇంట్ల చేసి చూడు. కడుపులకు పోయినంక అక్కడి ఆసిడ్ వల్ల ఆ అమైలేజ్ పని ఆగిపోతది, మళ్ల చిన్నపేగుల పాంక్రియాస్ అనే గ్రంథి రసం కలిసినప్పుడు కోత మొదలై, చివరికి ఒక్కొక్క గ్లూకోజ్ విడిపోయి రక్తంలకు ఎక్కి సీదా లివర్ కాడికి పోతది. పప్పుల ఉన్న ప్రొటీన్ అమైనో ఆసిడ్లు అయితది, పోపుల నూనె ఫ్యాటీ ఆసిడ్లు అయితది. పెద్దమనిషి ఒంట్ల దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటది, పరగడుపున ఆ మొత్తం రక్తంల తిరిగే గ్లూకోజ్ అంతా కలిపి తూకమేస్తే నాలుగైదు గ్రాములే, ఒక టీ చెంచా అంత! దాన్ని పెరగకుండ తగ్గకుండ పట్టి ఉంచేటందుకు ఇన్సులిన్, గ్లూకగాన్ అనే రెండు హార్మోన్లు రాత్రింబవళ్లు పని చేస్తుంటయి.

ఇప్పుడు కణం లోపటికి పోదాం. గ్లూకోజ్ దొరికినంత మాత్రాన కండరం దాన్ని నేరుగ వాడుకోలేదు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన రైతు దగ్గర లక్ష రూపాయల సరుకు ఉండొచ్చు, కానీ బస్తాలకెళ్లి గుప్పెడు మిరపకాయలు తీసి ఆటోకు కిరాయి కట్టలేడు గదా, సరుకు అమ్మితేనే చేతిల చిల్లర పడతది. కణంల ఆ చిల్లర పేరే ఏటీపీ. కండ కదలాలన్నా, నరంల నుంచి సమాచారం పోవాలన్నా, కొత్త ప్రొటీన్ కట్టాలన్నా ఏటీపీనే ఇయ్యాలె, నువ్వు చదివిన ఆ మూడు బొమ్మలూ సరుకును చిల్లర చేసే మూడు అంచెలు, అంతే.

మొదటి అంచె గ్లైకాలిసిస్, ఇది మైటోకాండ్రియా (కణం లోపట శక్తి తయారుచేసే సన్నటి భాగాలు) బయట జరుగుతది, ఆరు కార్బన్ల గ్లూకోజ్ రెండు ముక్కలై మూడేసి కార్బన్ల పైరువేట్ అయితది, దీంట్ల ఆక్సిజన్ అవసరమే లేదు, మిగిలేది రెండు ఏటీపీలు. రెండో అంచె మైటోకాండ్రియా లోపట, అదే 1937ల హాన్స్ క్రెబ్స్ కనిపెట్టిన సైకిల్, అక్కడ కార్బన్లు ఒక్కొక్కటి కార్బన్ డయాక్సైడ్ అయి బయటికి వస్తయి, ఇప్పుడు ఈ పేజీ చదువుకుంట నువ్వు విడిచే ఊపిరిల నీ అన్నం కార్బన్లే ఉన్నయి. ఆ సైకిల్ల తీసిన ఎలక్ట్రాన్లను ఎన్ఏడీహెచ్ లాంటి అణువులు మోసుకపోయి మూడో అంచెకు అప్పజెప్తయి, అవి చేతులు మారుకుంట మారుకుంట చివరికి ఆక్సిజన్‌ను చేరితే నీళ్లు తయారైతయి. మనం ఊపిరి తీసుకునేదే దీనికోసం, చివర్ల ఎలక్ట్రాన్లను అందుకునేటందుకు ఆక్సిజన్ ఉండాలె, లేకపోతే వరుస మొత్తం నిలిచిపోతది.

మరి ఏటీపీ ఏడ పుడతది అంటే, ఎలక్ట్రాన్లు ఆ వరుసల పోయేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక పక్క పోగవుతయి, అవి తిరిగి ఇవతలికి వచ్చే దారిల ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ ఉంటది, అయాన్లు దాంట్లకెళ్లి పోతుంటే అది నిజంగనే గుండ్రంగ తిరుగుతది, తిరిగినప్పుడల్లా ఏటీపీలు తయారైతయి. 1961ల పీటర్ మిచెల్ ఈ మాట చెప్పినప్పుడు చానా మంది సైంటిస్టులు ఒప్పుకోలేదు, 1978ల ఆయనకే నోబెల్ వచ్చింది. ఒక్క గ్లూకోజ్ మొత్తం కాలితే 30 నుంచి 32 ఏటీపీలు వస్తయి, ఆక్సిజన్ లేకుండ వచ్చేవి రెండే, తేడా ఎంతున్నదో చూడు. ఒక్క సమయంల ఒంట్ల ఉండే ఏటీపీ మహా అయితే కొన్ని వందల గ్రాములు, కానీ ఖర్చయింది మళ్ల తయారవుతనే ఉంటది కాబట్టి రోజంత కలిపి లెక్కేస్తే దాదాపు మన ఒంటి బరువంత అయితది. నాకు ఇన్నేండ్లైనా ఈ లెక్క కొత్తగనే అనిపిస్తది.

ఇంకొక్క మాట, నీ పుస్తకంల ఉండకపోవచ్చు కానీ మన పిల్లలకు తప్పకుండ తెలవాలె. ఈ ఏటీపీని మొదట కనుక్కున్నోళ్లల్ల మన తెలుగాయన ఉన్నడు, యల్లాప్రగడ సుబ్బారావు. 1895ల భీమవరంల పుట్టిండు, హార్వర్డ్ మెడికల్ స్కూల్ల సైరస్ ఫిస్కేతో కలిసి పని చేసిండు, 1929ల వీళ్లిద్దరూ అమెరికాల, కార్ల్ లోమన్ జర్మనీల, ఎవరికి వాళ్లు ఏటీపీని బయటపెట్టిన్రు. అంతకు రెండేండ్ల ముందు కండల ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ శక్తి నిల్వ ఉన్నదని చూపించింది కూడా ఈ జోడీనే.

పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేస్తున్న, హన్మకొండ స్టేడియంల రోజు 1600 మీటర్లు ఉరుకుత. మొదట్ల మస్తు స్పీడ్ ఉంటది, తర్వాత కాళ్లు మంట వెడతయి, బరువెక్కుతయి. లాక్టిక్ ఆసిడ్ అంటున్నరు, అది పోవాలంటే ఏం తాగాలె అన్నా?
– అభ్యర్థి, కాజీపేట

తమ్మీ, తాగేది ఏం లేదు, ఎట్ల ఉరుకాలెనో తెలుసుకుంటే చాలు. మొదటి పది సెకన్లు కండల దాచి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ మీద నడుస్తది, అది అయిపోగానే గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండ విడగొట్టే పని జోరందుకుంటది, దాంట్ల వచ్చేది లాక్టేట్. మెల్లగ గుండె, ఊపిరి అందుకున్నంక ఆక్సిజన్ దారి నిలబడతది, 1600 మీటర్లల్ల ఎక్కువ భాగం నడిచేది దీని మీదనే. నువ్వు మొదటి రౌండే ఊపిరి బిగబట్టి ఉరికితే ఆక్సిజన్ లేని ఆ దారిల లోడ్ పెరిగి కండల ఆమ్లత ఎక్కువైతది, కాళ్లు మంట వెట్టేది అప్పుడే. లాక్టేట్ విషం కాదు, గుండె దాన్ని నేరుగ వాడుకుంటది, లివర్ దాన్ని తిరిగి గ్లూకోజ్ చేస్తది, ఉరుకుడు ఆపినంక గంటల్నే రక్తంల మామూలు స్థాయికి వస్తది. తెల్లారి వచ్చే నొప్పికి లాక్టేట్‌కు సంబంధం లేదు, అది కండ పోగులల్ల పడే సన్న చీలికల వల్ల వచ్చేది.

అందుకని వారంల ఎక్కువ రోజులు మాట్లాడుకుంట ఉరికేంత నిమ్మళంగ, ఎక్కువ దూరం ఉరుకు, కొన్ని నెలల్ల కండల మైటోకాండ్రియాలే పెరుగుతయి, అదే అసలైన ట్రైనింగ్. వారంల ఒకట్రెండు సార్లు మాత్రమే ఫుల్ స్పీడ్. పొద్దుగాల ఏం తినకుండ ఉరికి కండ్లు తిరిగి పడిపోయిన పిల్లలు చానా మంది రాస్తుంటరు, గంట ముందు ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో తిని పో.

నా వయసు 56. మూడు పూటలా అన్నమే తింట, ఎవుసం చేస్త, పొట్ట లేదు. నా కొడుకు హైదరాబాద్‌ల కంప్యూటర్ నౌకరి, నాకన్న తక్కువనే తింటడు, 33 ఏండ్లకే పొట్ట, షుగర్ బార్డర్ మీద ఉన్నదన్నరు. ఇద్దరిదీ ఒక్కటే రక్తం గదా, గిట్లెందుకైంది?
– రైతు, నర్సంపేట దగ్గర

అన్నా, రక్తం ఒక్కటే కానీ తిన్నంక ఆ గ్లూకోజ్ పోయే జాగ మీ ఇద్దరికీ వేరు. తిన్న వెంటనే రక్తంల గ్లూకోజ్ పెరుగుతది, ఇన్సులిన్ వచ్చి దాన్ని కండలల్లకు, లివర్లకు పంపిస్తది, అక్కడ గ్లైకోజన్ అనే రూపంల దాస్తరు. లివర్ల పట్టేది ఒక వంద గ్రాములు, కండలన్నిట్ల కలిపి నాలుగు వందల గ్రాముల దాక. మీరు పొద్దంత దున్నుడు, కలుపు, మందు కొట్టుడు, పత్తి బస్తాలు మోసుడు చేస్తరు కాబట్టి ఆ నిల్వ రోజూ ఖాళీ అయితది, రాత్రి తిన్నది పోయి దాంట్ల నిండుతది. ఇంకొకటి, పని చేస్తున్న కండ ఇన్సులిన్ చెప్పకున్నా గ్లూకోజ్‌ను గుంజుకుంటది. మీ కొడుకు పది గంటలు కుర్చీల కూసుంటడు, ఆయన నిల్వలు ఎప్పుడూ నిండే ఉంటయి, కొత్తగ వచ్చిన గ్లూకోజ్‌కు జాగ లేక లివర్ దాన్ని కొవ్వు చేస్తది, ఆ కొవ్వు లివర్ల, పొట్ట లోపట పేరుకుంటది, పేరుకున్న కొద్ది ఇన్సులిన్ మాట కణాలు వినయి, పాంక్రియాస్ ఇంకింత ఇన్సులిన్ వదులుతది. షుగర్ బార్డర్ అంటే ఈ దశనే. పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య, లేకపోతే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అట్ల అంటరు.

ఇది ఇంకా వెనక్కి తిప్పుకోదగ్గ దశనే, అందుకని ఆయనకు గట్టిగ చెప్పండి. అన్నం బందువెట్టి బాధపడాల్సిన పని లేదు, పళ్లెంల అన్నం సగం తగ్గించి పప్పు, గుడ్డు, కూరలు పెంచాలె, తిన్నంక పదిహేను నిమిషాలు నడవాలె, వారంల రెండు మూడు సార్లు కండకు బరువు పడే కసరత్తు చెయ్యాలె. జొన్న రొట్టె తింటే షుగర్ రాదని అందరు అంటున్నరు, జొన్నల పీచు ఎక్కువ, జర నిమ్మళంగ అరుగుతది, మంచిదే, కానీ దాంట్ల కూడా ఉండేది స్టార్చే కాబట్టి నాలుగు రొట్టెలు తింటే లాభం పోయినట్టే. అట్లనే మీరు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి అన్నా, సన్నగున్నోళ్లకు షుగర్ రాదనేది అబద్ధం, మన దేశంల తక్కువ బరువున్నోళ్లకు కూడా వస్తున్నది.

రోజు పొద్దుగాల భద్రకాళి బండ్ మీద వాకింగ్ చేస్త. కరిగిన కొవ్వు చెమటల పోతదా, మూత్రంల పోతదా?
– రిటైర్డ్ ఉద్యోగి, హన్మకొండ

ఎక్కువ భాగం ఊపిరిల పోతది సార్. 2014ల బ్రిటిష్ మెడికల్ జర్నల్ల ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ లెక్క వేసి చూపించిన్రు, పది కిలోల కొవ్వు పూర్తిగ కాలితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్ అయి ముక్కులకెళ్లి బయటికి పోతది, 1.6 కిలోలు నీళ్లయితది. చెమట ఒళ్లు చల్లవడేటందుకు వచ్చేది, ఎక్కువ చెమట వస్తే ఎక్కువ కొవ్వు కరిగినట్టు కాదు, అందుకని ప్లాస్టిక్ జాకెట్లు వేసుకొని నడవకండి, ఎండకాలం అది ప్రమాదం కూడా. కూసున్నకాడ జోరుగ ఊపిరి తీస్తే కొవ్వు పోతదా అని కూడా అడిగిన్రు, పోదు, కండలు పని చేస్తేనే లోపట కొవ్వు కాలి ఆ కార్బన్ తయారైతది.

నాకు 41. ఇద్దరు పిల్లలైనంక బరువు పెరిగిన. వయసు మీద పడ్డంక మెటబాలిజం స్లో అయితదట, దాన్ని పెంచే పౌడర్ ఉన్నదని మా కాలనీల ఒకామె అమ్ముతున్నది, నెలకు మూడు వేలు. తీసుకోవాల్నా?
– గృహిణి, హన్మకొండ

తీసుకోవద్దక్కా. ముందు స్లో అయ్యే సంగతి చూద్దాం. 2021ల సైన్స్ పత్రికల ఒక పెద్ద పరిశోధన వచ్చింది, 29 దేశాలల్ల ఎనిమిది రోజుల పసిపిల్లల నుంచి 95 ఏండ్ల ముసలోళ్ల దాక 6,400 మందికి పైన కొలిచిన్రు. ఒంటి సైజు లెక్కల తీసుకొని చూస్తే 20 ఏండ్ల నుంచి 60 ఏండ్ల దాక శక్తి ఖర్చు దాదాపు ఒక్క తీరుగనే ఉన్నది, 60 దాటినంకనే ఏడాదికి 0.7 శాతం చొప్పున మెల్లగ తగ్గుతది. అంటే 41 ఏండ్లకు మీ మెటబాలిజం ఆగిపోలేదు. మరి బరువు ఎందుకు పెరిగిందంటే పిల్లలు, ఇంటి పని, నిద్ర సరిపోకపోవుడు, నడక తగ్గుడు, కండ తగ్గుడు, పిల్లలు విడిచిపెట్టింది పారేయబుద్ధి కాక తినుడు, ఇవన్నీ ఏండ్ల తరబడి కొంచెం కొంచెం కలిస్తే అంత అయితది. మీ తప్పని నేను అంటలేను, మన ఇండ్లల్ల తల్లికి తన ఒళ్లు చూసుకునే టైమ్ ఎవరిస్తున్నరు?

మనిషి రోజంత ఖర్చు చేసే శక్తిల ఎక్కువ భాగం, కూసొని పని చేసేటోళ్లకైతే 60, 70 శాతం దాక, గుండె, మెదడు, లివర్, కిడ్నీల లాంటి అవయవాలు నడిచేటందుకే పోతది. మెదడు ఒంటి బరువుల 2 శాతమే కానీ శక్తిల 20 శాతం అదే తింటది. దీన్ని ఏ పౌడరూ చెప్పుకోదగ్గంత పెంచలేదు, నిజంగ పెంచిన మందు ఒకటి ఉండె, దాని కథ వినండి. 1930లల్ల అమెరికాల డైనైట్రోఫినాల్ అనే కెమికల్‌ను సన్నబడే మందుగ అమ్మిన్రు. పరకాల బిడ్డకు రాసిన జవాబుల హైడ్రోజన్ అయాన్లు ఒక పక్క పోగవుతయని చెప్పిన గదా, ఈ కెమికల్ ఆ పొరకు అయాన్లు కారిపోయేటట్టు చేస్తది, తిన్నది కాలుతనే ఉంటది కానీ ఏటీపీ తయారు కాదు, మొత్తం వేడి అయిపోతది. బరువు నిజంగనే తగ్గింది, కానీ కొందరికి కండ్లల్ల శుక్లాలు వచ్చినయి, కొందరు ఒళ్లు మితిమీరి వేడెక్కి చచ్చిపోయిన్రు, 1938ల దాన్ని ఆపేసిన్రు. ఇప్పటి పౌడర్లల్ల కూడా మూలికలు అని రాసి లోపట సిబుట్రమిన్ లాంటి మందు కలిపినయి ఎన్నోసార్లు పట్టుబడ్డయి, గుండెకు ప్రమాదమని 2010ల అమెరికా మార్కెట్ల నుంచి తీసేసిన మందు అది. డబ్బా మీద ఏం రాసి ఉన్నదో చూసి నమ్మేటట్టు లేదు.

ఆ మూడు వేలతోని గుడ్లు, పెసర్లు, శనగలు, పెరుగు కొనుక్కోండి. ప్రొటీన్ అరిగించుకునేటందుకే ఒళ్లు దాంట్ల 20 నుంచి 30 శాతం శక్తి ఖర్చు చేస్తది, అన్నానికి 5 నుంచి 10, నూనెకు 3 లోపే. పూర్తిగ తిండి మానేసి తగ్గితే కొవ్వుతోని పాటు కండ కూడా కరుగుతది, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటది, మళ్ల తిన్నప్పుడు బరువు తొందరగ వస్తది, అందుకే నెలకు రెండు కిలోల కంటె ఎక్కువ తగ్గాలని ఆరాటపడొద్దు.

వరంగల్ మిర్చి కారం తింటే కొవ్వు కరుగుతదంట, నిజమేనా?
– యువకుడు, వర్ధన్నపేట

కారంల ఉండే క్యాప్సైసిన్ వల్ల కాసేపు ఒంట్ల వేడి, ఖర్చు జరంత పెరిగే మాట నిజమే, కానీ పొట్ట తగ్గించేంత కాదు. రుచి కోసం తిను, కొవ్వు కోసం కడుపు మంట తెచ్చుకోకు.

బియ్యం తెల్లగ పాలిష్ పట్టిస్తే బలం పోతదని మా అత్తమ్మ అంటది. స్టార్చ్ అట్లనే ఉంటది గదా, పోయేది ఏంది?
– పాఠకురాలు, హుజూరాబాద్

మీ అత్తమ్మ చెప్పింది పక్కా నిజం. స్టార్చ్ మిగులుతది, దాన్ని కాల్చే సామాను పోతది. గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్ మైటోకాండ్రియాలకు పోయి క్రెబ్స్ సైకిల్ల కలవాలంటే విటమిన్ బీ1, అంటే థయమిన్ ఉండి తీరాలె, బియ్యంల అది ఎక్కువ ఉండేది పైన తవుడు పొరలనే. మర పట్టి తెల్లగ చేసిన బియ్యమే తిని, పప్పు కూర లేని చోట్ల బెరిబెరి రోగం వచ్చేది, కాళ్లు మొద్దుబారుడు, గుండె వాచుడు. మన తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, 1918ల కూనూర్ల మొదలైంది ఈ బెరిబెరి మీద పరిశోధన కోసమే, 1958ల హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు పప్పు, కూరలు తింటున్నం కాబట్టి అంత భయం లేదు, కానీ బియ్యం తక్కువ పాలిష్ పట్టించండి, నాలుగైదు సార్లు పిసికి కడగకండి, గంజి వంపకుండ అత్తెసరు వండుకుంటే బీ1 దాంట్లనే ఉంటది.

నాకు 34. పొద్దుగాల ఐదింటికి లేస్త, ఇంటి పని, కుట్టు మిషన్ పని. కడుపునిండ తింట, అయినా పదకొండు అయ్యేసరికి ఒళ్లు గుంజుతది, మెట్లెక్కితే ఆయాసం. లావుగనే ఉన్నవ్ గదా నీకేం రోగం అంటడు మా ఆయన. రోజు గ్లూకోజ్ పౌడర్ నీళ్లు తాగుతున్న. బలం వస్తదా?
– మహబూబాబాద్ నుంచి ఒక చెల్లె

చెల్లె, నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసుల మెదులుతనే ఉన్నది, ఈ నెల ఇన్ని ప్రశ్నలల్ల నాకు అన్నిటికన్న ముఖ్యమైంది ఇదే. మీ ఆయనకు కూడా ఈ జవాబు చదివి వినిపించు.

నీ ఒంట్ల గ్లూకోజ్‌కు కొదవ లేదు. గ్లూకోజ్ నీళ్లు తాగితే షుగర్ ఒక్కసారి పెరిగి దిగుతది, పొయ్యి కాడికి తిరిగి పోయేసరికి అదే నీరసం. శక్తి పుట్టాలంటే తిండి ఒక్కటే చాలదు, ఆఖరి అంచెల ఆక్సిజన్ అందాలె, ఆ ఆక్సిజన్‌ను మోసేది రక్తంల హిమోగ్లోబిన్, హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఐరన్ ఉండాలె. అంతేకాదు, మైటోకాండ్రియాల ఎలక్ట్రాన్లను చేతులు మార్చే సైటోక్రోమ్ అనే ప్రొటీన్లల్ల కూడా ఐరనే ఉంటది. ఐరన్ తక్కువైతే ఎంత తిన్నా కణంల అది శక్తి కాదు, ఒళ్లు లావుగ కనపడుకుంటనే లోపట నీరసంగ ఉంటది. లావుకు, రక్తానికి సంబంధం లేదు, ఈ సంగతి మగోళ్లు అర్థం చేసుకోవాలె. 2019–21ల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 ప్రకారం మన దేశంల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల నూటికి 57 మందికి రక్తం తక్కువ ఉన్నది. సగం మంది కంటె ఎక్కువ! ఇంతమంది అలసిపోయి తిరుగుతుంటే దాన్ని బద్ధకం అని, నాటకం అని అంటున్నం, నెలనెల రక్తం పోతది, కాన్పులల్ల పోతది, ఆడోళ్లు ఇంట్ల అందరికి వడ్డించి ఆఖరికి మిగిలిన కూరతోని తింటరు, మాంసం ముక్కలు మగోళ్ల పళ్లెంలకు పోతయి, తిన్న వెంటనే టీ తాగుతరు, ఆ టీ ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్త. దగ్గర్ల ప్రభుత్వ దవాఖానకు పోయి సీబీపీ అనే రక్త పరీక్ష చేయించుకో, హిమోగ్లోబిన్ 12 కన్న తక్కువ ఉంటే రక్తహీనత అన్నట్టు. దాంతోని పాటే టీఎస్‌హెచ్ చేయించు, ఎందుకంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే కణాలల్ల ఈ పని మొత్తమే నెమ్మదిస్తది, చలి ఎక్కువ వేస్తది, మలబద్ధకం, నీరసం, కొంత బరువు పెరుగుడు ఉంటయి. షుగర్ కూడా చూపించు, మాంసం గుడ్లు ముట్టనోళ్లైతే బీ12 కూడా. నెలసరి మరీ ఎక్కువ పోతుంటే అది డాక్టర్‌కు సిగ్గు పడకుండ చెప్పాలె, కారణం పట్టుకోకుండ గోలీలు మింగితే లాభం లేదు.

రక్తం తక్కువని తేలితే ఐరన్, ఫోలిక్ ఆసిడ్ గోలీలు ఇస్తరు. టీ, పాలతోని వేసుకోకు, నిమ్మకాయ నీళ్లతోని వేసుకో. దొడ్డికి నల్లగ వస్తది, భయపడొద్దు, కడుపుల తిప్పితే రాత్రి అన్నం తిన్నంక వేసుకో, కానీ మానొద్దు. నెల రోజులకు కొంచెం హుషారు రాగానే ఆపేస్తరు చానా మంది, రక్తం సరి అయినంక కూడా దాదాపు మూడు నెలలు వేసుకుంటేనే ఒంట్ల ఐరన్ నిల్వ నిండుతది. ఆ గోలీల ఉండే ఫోలిక్ ఆసిడ్‌ను 1940లల్ల అమెరికాల లెడర్లే ల్యాబ్‌ల తయారు చేసిన టీమ్‌కు పెద్ద ఎవరనుకున్నవ్, ఏటీపీ కనుక్కున్న మన సుబ్బారావే. తిండిల మునగాకు, తోటకూర, నువ్వులు, వీలైతే వారంల ఒకసారి లివర్ తిను. అన్నిటికన్న ముందు, అందరితోని కలిసి కూసొని తిను చెల్లె, కూర గిన్నె ఖాళీ కాకముందే.

శివరాత్రికి వేములవాడ పోతం, ఒక్కపొద్దు ఉంట, జాగారం చేస్త. నాకు షుగర్ ఉన్నది, గోలీలు వేసుకుంట. ఒక్కపొద్దు ఉంటే ఒంట్ల ఏమైతది? ఉండొచ్చునా?
– పెద్దమ్మ, జమ్మికుంట

పెద్దమ్మా, ఆరోగ్యంగ ఉన్నోళ్లకు ఒక్కరోజు తినకుంటే ఒళ్లు తట్టుకుంటది. తిన్న నాలుగైదు గంటలకు పేగులకెళ్లి వచ్చే గ్లూకోజ్ అయిపోతది, అప్పుడు లివర్ తన గ్లైకోజన్ విడగొట్టి రక్తంలకు పంపిస్తది, రాత్రంత మనం నిద్రల ఉన్నప్పుడు నడిపేది అదే. ఒక రోజు గడిచేసరికి అది దాదాపు అయిపోతది, లివర్ అమైనో ఆసిడ్ల నుంచి, లాక్టేట్ నుంచి, కొవ్వుల ఉండే గ్లిజరాల్ నుంచి కొత్త గ్లూకోజ్ తయారు చేస్తది, కండలు కొవ్వు మీద నడుస్తయి, తర్వాత కొవ్వు నుంచి కీటోన్లు తయారై మెదడుకు కూడా అందుతయి.

మీకు షుగర్ ఉన్నది కాబట్టి ఆ గోలీ పేరు చూడాలె. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివైతే మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడిపిస్తయి, ఒక్కపొద్దు నాడు వేసుకుంటే షుగర్ పడిపోతది. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉన్న గోలీలైతే ఉపాసం నాడు కీటోన్లు మితిమీరి పెరిగే ప్రమాదం ఉన్నది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేటోళ్లు డాక్టర్‌ను అడగకుండ ఒక్కపొద్దు అసలే ఉండొద్దు. అందుకని పండుగకు వారం ముందే గోలీల చీటీ పట్టుకపోయి మీ డాక్టర్‌కు చూపించి, ఆ రోజు ఏది ఆపాలె, ఏది తగ్గించాలె అని రాయించుకోండి. పండ్లు, పాలు తీసుకునే ఒక్కపొద్దైతే మంచిది, నీళ్లు మాత్రం మానొద్దు. జాతరల చెమటలు పట్టినా, చేతులు వణికినా, గుండె దడదడ కొట్టుకున్నా వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలుపుకొని తాగండి, పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్ల తాగండి, పక్కన ఉన్నోళ్లకు షుగర్ ఉన్నదని ముందే చెప్పి ఉంచండి, చక్కెర పొట్లం కొంగుల కట్టుకొని పోండి.